గరగరలాడే ల్యాండ్‌లైన్: లోపం ఫోనులోనా, అతుకులోనా?

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు ముసురు వదలకపోతే ఇంట్లోని ల్యాండ్‌లైన్ మీద కూడా దాని జాడ కనిపిస్తుంది. రిసీవరు ఎత్తగానే గరగరమంటుంది, అవతలి మనిషి గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది, కొన్నిసార్లు గంట ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో ముందుగా ఫోను మారుస్తారు. కొత్త ఫోనులోనూ అదే గరగర వినిపిస్తే ఇక లైను పనికిరాదని తేల్చి కనెక్షను తీయించేస్తారు. నిజానికి ఈ రెండు నిర్ణయాలకూ మధ్య చేయవలసిన పని చాలా ఉంది, అందులో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు. వినిపిస్తున్న శబ్దం ఎలాంటిదో, ఏ వేళలో వస్తోందో గమనించి, లైనును ముక్కలుగా విడదీసి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. అది ఎక్కువసార్లు ఫోనులో కాక, తీగకు తీగ కలిసే అతుకులో దొరుకుతుంది.

అతుకు ఎందుకు అంత కీలకమో అర్థం కావాలంటే మాట ఆ తీగలో ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. ఎక్స్ఛేంజిలోని 48 ఓల్టుల బ్యాటరీ నుంచి రెండు రాగి తీగలు జంటగా ఇంటిదాకా వస్తాయి. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య దాదాపు 48 ఓల్టులు ఉంటాయి గానీ కరెంటు పారదు. రిసీవరు ఎత్తగానే దారి పూర్తయి 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు ఒకే దిశలో పారడం మొదలవుతుంది, ఫోను దగ్గర ఓల్టేజి ఆరు నుంచి పది మధ్యకు దిగుతుంది. మనిషి మాట ఈ కరెంటు మీద రేగే చిన్న అల మాత్రమే. నిండుగా, నిలకడగా పారుతున్న పంట కాలువ మీద గాలికి పుట్టే అల ఎంతో, ఆ కరెంటు మీద మాట అంత. కాలువ పారుదలే ఎగుడుదిగుడుగా ఉంటే అల ఏదో, ఎగుడుదిగుడు ఏదో విడదీయడం ఎవరి వల్లా కాదు. ఫోను కూడా విడదీయలేదు, కరెంటులో వచ్చే ప్రతి మార్పునూ అది శబ్దంగానే వినిపిస్తుంది.

చిలుము పట్టిన అతుకు చేసేది ఇదే. రాగి మీద తేమ, ఉప్పు, గాలి కలిసి పనిచేసినప్పుడు పుట్టే ఆ పచ్చని పొర కరెంటును సరిగ్గా పోనివ్వదు, అలాగని పూర్తిగా ఆపనూ ఆపదు. తీగ కాస్త కదిలినా, ఎండకు కాస్త వ్యాకోచించినా ఆ పొర అడ్డు ఒక్కో క్షణం ఒక్కోలా మారుతుంది, ఆ మార్పే చెవికి చిటపటగా వినిపిస్తుంది. అడ్డు మరీ పెరిగితే గొంతు కూడా తగ్గిపోతుంది. అర మిల్లీమీటరు మందం ఉన్న రాగి జంట తీగకు కిలోమీటరుకు సుమారు 170 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఎక్స్ఛేంజికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటిని తీసుకుంటే తీగ నిరోధం 850 ఓమ్‌లు, ఎక్స్ఛేంజి వైపు 400, ఫోనుది 200 అనుకుంటే, పారే కరెంటు 33 మిల్లీ ఆంపియర్లు. దారిలో ఒక్క చెడ్డ అతుకు వెయ్యి ఓమ్‌లు కలిపిందంటే అది 20కి పడిపోతుంది. ఊళ్లో వేసిన అయిదు కిలోమీటర్ల తీగ కంటే చిటికెన వేలి గోరంత అతుకు ఎక్కువ అడ్డు కావచ్చన్నమాట.

అలాంటి అతుకులు ఒక్కో లైనులో అరడజను పైగానే ఉంటాయి. ఎక్స్ఛేంజిలోని పంపిణీ చట్రం దగ్గర ఒకటి, రోడ్డు పక్కన నిలబెట్టిన పిల్లర్ పెట్టెలో ఒకటి, భూమిలోని కేబులు ముక్కలు కలిసే చోట్ల కొన్ని, స్తంభం మీదనో గోడ మీదనో ఉండే డీపీ (డిస్ట్రిబ్యూషన్ పాయింట్) పెట్టెలో ఒకటి, అక్కడి నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు మధ్యలో ఎప్పుడో తెగి ముడివేసినది ఒకటి, చివరికి ఇంట్లో గోడకు బిగించిన రోసెట్ ఒకటి. రోసెట్ మూతను విప్పి చూడడం ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పే పని. అగ్గిపెట్టెకు రెండింతలుండే ఆ తెల్ల పెట్టెలో, సున్నం పొడి మధ్య, రెండు చిన్న మరలుంటాయి. వాటి కింద నొక్కుకుని ఉండవలసిన రాగి చివర్లు మెరుస్తూ కనిపించాలి. ఎన్నో ఏళ్లుగా తెరవని రోసెట్‌లో అవి పాతబడిన రాగి చెంబు అంచులా పచ్చగా మారి ఉంటాయి. ఒక మర కింద తీగ పోగు సగం తెగి వెంట్రుకంత మాత్రమే పట్టుకుని ఉండడం, ఆ వెచ్చదనానికో చీకటికో చేరిన చీమలు గూడు పెట్టుకోవడం కూడా మామూలే. డీపీ పెట్టెకు మూత ఊడిపోయి ఉంటే అందులో బల్లి గుడ్లు సైతం దొరుకుతాయి.

శబ్దాన్ని గమనించడానికి లైన్‌మన్లు చేసే ఒక చిన్న పని అందరికీ తెలిసి ఉండాలి. రిసీవరు ఎత్తగానే వచ్చే డయల్ టోను లోపాన్ని కప్పేస్తుంది. అందుకని ఏదో ఒక్క అంకె నొక్కాలి, టోను ఆగి కొన్ని సెకన్ల పాటు లైను నిశ్శబ్దమవుతుంది. ఫ్యాను ఆపి, టీవీ ఆపి, మాట్లాడే గొట్టాన్ని అరచేత్తో మూసి, ఆ నిశ్శబ్దాన్ని వినాలి. మంచి లైనులో దాదాపు ఏమీ వినిపించదు. చెడ్డ లైనులో ఏది వినిపించినా అది లైనుదే, అవతలి మనిషి మొబైలుదో, మధ్యలోని నెట్‌వర్క్‌దో కాదు. మాట్లాడుతున్నప్పుడు మాత్రమే గరగర వచ్చి, ఈ నిశ్శబ్దంలో ఏమీ వినిపించకపోతే ఇంటి లైనును అనుమానించవలసిన పని లేదు. అదే ఊళ్లోని మరో ల్యాండ్‌లైన్‌కు ఒకసారి, రెండు మూడు వేర్వేరు మొబైళ్లకు ఒకసారి చేసి చూస్తే లోపం ఎవరి వైపు ఉందో తేలిపోతుంది.

లోపం లైనులోనే ఉందని తేలాక దాన్ని రెండు ముక్కలు చేయాలి. ఆ కోత పెట్టవలసిన చోటు రోసెట్. బయటి నుంచి వచ్చే డ్రాప్ వైరు రెండు తీగలను మాత్రం ఉంచి, అక్కడి నుంచి ఇంట్లోని మిగతా గదులకు వెళ్లే తీగలన్నిటినీ మరల నుంచి విప్పేసి, తీగతో పనిచేసే మామూలు ఫోనును నేరుగా అక్కడే కలపాలి. కార్డ్‌లెస్ ఫోను ఈ పరీక్షకు పనికిరాదు, ఎందుకంటే దాని సొంత రేడియో, దాని అడాప్టరు కూడా శబ్దం చేయగలవు. నిశ్శబ్ద పరీక్ష మళ్లీ చేసినప్పుడు గరగర అలాగే ఉంటే లోపం గోడ బయట ఉన్నట్టు. పోతే ఇంట్లో ఉన్నట్టు. ఇంట్లో అయితే ఒక్కో తీగనూ తిరిగి కలుపుతూ, కలిపిన ప్రతిసారీ వింటూ పోతే ఏ గది తీగ దగ్గర గరగర మళ్లీ మొదలైందో చెవికే తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. గంట మోగేటప్పుడు ఆ తీగల మీద 75 ఓల్టుల దాకా ఏసీ కరెంటు వస్తుంది, తడి చేతులతో పట్టుకుంటే ఝల్లుమంటుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడైతే ఆ తీగల జోలికే వెళ్లకూడదు.

చేతిలో మల్టీమీటరు ఉన్నవారికి రోసెట్ దగ్గర మరో ఆధారం దొరుకుతుంది. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు 48కి అటూ ఇటూగా చూపితే రెండు తీగల మధ్య కరెంటు కారడం లేదన్నమాట. ముప్పై, ముప్పై అయిదు మాత్రమే చూపితే ఎక్కడో తేమ చేరి కరెంటు కారిపోతోంది, లైన్‌మన్లు దీన్నే లో ఇన్సులేషన్ అంటారు. పెట్టేసినప్పుడు 48 సరిగ్గానే ఉండి, ఎత్తినప్పుడు రెండు మూడు ఓల్టులకు పడిపోతే కారడం కాదు, దారిలో అడ్డు ఉంది, అంటే చిలుము పట్టిన అతుకు ఉంది. ఈ రెండు లోపాలకూ మరమ్మతు వేరు కాబట్టి ఈ తేడా తెలిసి ఫిర్యాదు చేస్తే పని సగం తగ్గుతుంది.

శబ్దాల మధ్య తేడా కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. ఉండుండి వచ్చే చిటపట, ముఖ్యంగా గాలి వీచి డ్రాప్ వైరు ఊగినప్పుడు పెరిగేది, వదులైన అతుకుకు గుర్తు. దీనికొక విచిత్రమైన లక్షణం ఉంది. బయటి నుంచి ఒక కాల్ వచ్చి గంట మోగిన తర్వాత కాసేపు లైను శుభ్రంగా ఉండి, మళ్లీ పాడవుతుంది. గంట మోగించే అధిక ఓల్టేజి చిలుము పొరను తాత్కాలికంగా చీల్చుకుని పోవడమే దానికి కారణం. ఇది చూసి లోపం దానంతటదే పోయిందనుకుని ఊరుకోవడం పొరపాటు. నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఆగకుండా వచ్చే శబ్దం తేమది. అదే తేమ మరికొంత పెరిగితే, గంట మోగుతున్న క్షణంలో కారిన కరెంటును చూసి ఎక్స్ఛేంజి ఎవరో ఫోను ఎత్తారని భ్రమపడి గంట ఆపేస్తుంది. చేసినవారికి మాత్రం ఎవరో ఎత్తి మాట్లాడకుండా ఉన్నట్టు వినిపిస్తుంది. గంట ఒక్కసారి మోగి ఆగిపోయే ఫోను వెనుక ఆకతాయిలెవరూ లేరు, నీళ్లున్నాయి.

గుయ్‌మని ఒకే శ్రుతిలో వచ్చే మోత వేరే కథ. ఫోను తీగలు రెండింటినీ ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి వేయడానికి కారణం, పక్కనున్న కరెంటు తీగల ప్రభావం రెండింటి మీదా సమానంగా పడాలని. ఫోను వినేది ఆ రెండింటి మధ్య తేడానే కాబట్టి, సమానంగా పడినంత కాలం మోత వినిపించదు. ఒక తీగ మీది ప్లాస్టిక్ తొడుగు చిట్లి తడిగోడకు తగిలినా, ఒక తీగ అతుకు మాత్రమే చిలుము పట్టినా ఆ సమానత్వం పోయి 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపులు, మూడింతలు చెవిలో మోగుతాయి. తీరం వెంబడి రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రాత్రంతా తిరిగే ఊళ్లలోనూ, పొలాలకు మూడు ఫేజుల కరెంటు ఇచ్చే వేళల్లోనూ ఈ మోత పెరిగితే ఆశ్చర్యం లేదు, పక్క తీగల్లో కరెంటు అప్పుడే ఎక్కువ పారుతుంది. కానీ తప్పు కరెంటు తీగలది కాదు. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి, సమానత్వం తప్పింది ఫోను జంటలో. ఇతరుల మాటలు సన్నగా వినిపించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. కేబులులో నీరు చేరినప్పుడో, అతుకు వేసేటప్పుడు ఒక జంటలోని తీగను మరో జంటలోని తీగతో కలిపేసినప్పుడో అలా జరుగుతుంది, ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఏ వేళలో గరగర వస్తోందన్నది నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ సముద్రపు ఒడ్డుకూ నల్లమల అంచుకూ మధ్య వాతావరణం చాలా మారుతుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి అతుకుల మీద సన్నని పొరగా చేరుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన చినుకు పడకపోయినా తెల్లవారుజామున లైను గరగరలాడి, ఎండ ఎక్కాక దానంతటదే బాగుపడుతుంది. ఉదయం పూట పాడై మధ్యాహ్నానికి బాగయ్యే లైనులో లోపం తేమదేనని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు దీనికి భిన్నం. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. రోహిణి కార్తె ఎండలకు డ్రాప్ వైరు మీది తొడుగు పెళుసుబారి నెరియలు విడుస్తుంది, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మరలు వదులవుతాయి, గరగర మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఆ నెరియలలోకి తొలకరి నీరు దిగినప్పుడు అసలు నష్టం బయటపడుతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలలకు మరో స్వభావం ఉంది. వానకు ఉబ్బి, వేసవికి బీటలు తీసే ఆ నేల తనలో పాతిన కేబులును ఏటా అటూ ఇటూ లాగుతుంది, ఆ లాగుడు మొదట తెలిసేది అతుకు దగ్గరే.

వరద తర్వాతి లోపాలు ఆలస్యంగా బయటపడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటిలాగా నీరు వీధుల్లో నిలిచినప్పుడు, పిల్లర్ పెట్టెల్లోకీ కేబులు అతుకుల్లోకీ చేరిన నీరు వీధి ఆరినంత త్వరగా ఆరదు. తీగల మీద ఎప్పుడూ ఉండే ఓల్టేజి ఆ నీటితో కలిసి రాగిని మెల్లగా తినేస్తుంది. ఆ తినేయడం తగ్గాలనే ఎక్స్ఛేంజి బ్యాటరీకి ధన ధ్రువాన్ని భూమికి కలిపి, లైనును రుణ ధ్రువం మీద నడుపుతారు. అయినా వారాల తర్వాత, అంతా సర్దుకున్నాక, ఎండ కాస్తున్న రోజున లైను పాడైతే దాని మూలం ఆ వరదలోనే ఉండవచ్చు.

ఇంట్లో చేయదగ్గ మరమ్మతు కొద్దిపాటిదే. రోసెట్‌లోని పచ్చబారిన చివర్లను కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా తొడుగు ఒలిచి, గరుకు కాగితంతో మరలను రుద్ది, గట్టిగా బిగిస్తే చాలా ఇళ్లలో చిటపట పోతుంది. చేతితో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన ముడులను గోడ బయట ఉంచకూడదు, ఆ టేపు మన ఎండకు జిగురు కారి, వానకు నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. డ్రాప్ వైరు గోడలోకి దూరే చోట కాస్త కిందికి వంపు తిరిగి ఆపైన పైకి ఎక్కి లోపలికి వెళ్లాలి. అలా వంపు ఉంటే నీటి బొట్టు అక్కడే జారిపడుతుంది, లేకపోతే తీగను పట్టుకుని తిన్నగా రోసెట్‌లోకి వస్తుంది. రిసీవరుకూ ఫోనుకూ మధ్య ఉండే స్ప్రింగు తీగను చేత్తో ఊపినప్పుడు గరగర వస్తే ఆ తీగ ఒక్కటి మారిస్తే చాలు. గొంతు తక్కువగా ఉందన్న ఇళ్లలో మరో గదిలోని ఫోను కూడా ఎత్తి ఉందేమో చూడాలి, ఒకే లైనులో రెండు ఫోన్లు ఎత్తి ఉంటే ఉన్న కరెంటును రెండూ పంచుకుంటాయి. అదే తీగ మీద పాత ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ నడుస్తుంటే, మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది, ఇంటర్నెట్ సంకేతం 25 కిలోహెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసే ఫిల్టరు లేకుండా ఫోను కలిపితే సన్నని హోరు తప్పదు. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే ప్రతిదానికీ ఫిల్టరు ఉండాలి, పడకగదిలోని ఫోనుకు పెట్టడం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

రాగి తీగ స్థానంలో ఫైబర్, అంటే మాటను వెలుగుగా మోసే గాజు తీగ, వచ్చిన ఇళ్లలో ఈ లెక్కంతా మారుతుంది. అక్కడ గొంతు సెకనుకు 8000 సార్లు కొలిచిన అంకెలుగా మారి, సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా ప్రయాణిస్తుంది. గాజు తీగలో చిలుము లేదు, 50 హెర్ట్జ్ మోత లేదు. లోపం వస్తే గరగరగా కాక మాట ముక్కలు ముక్కలుగా తెగడంగా, గొంతు యంత్రంలా మారడంగా, మాట్లాడిన మాట తిరిగి వినిపించడంగా వస్తుంది. కాబట్టి ఫైబర్ ఇంట్లో గరగర వినిపించిందంటే అనుమానించవలసింది బయటి గాజు తీగను కాదు, గోడకు పెట్టిన ఫైబర్ పెట్టె నుంచి ఫోను దాకా ఉన్న రాగి తీగను. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఇంట్లోని పాత తీగలనే వాడుకుందామని ఫైబర్ పెట్టె ఫోను రంధ్రాన్ని పాత రోసెట్‌కు కలుపుతారు గానీ, వీధిలోంచి వచ్చే పాత డ్రాప్ వైరును దాని నుంచి విప్పరు. బయట వానలో తడుస్తున్న ఆ పాత తీగ లోపలి ఫోనును పాడుచేస్తూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా విడదీయాలి. మాటలు తెగుతుంటే మాత్రం గాజు తీగ కిటికీ మూలనో బీరువా వెనకనో మడత పడిందేమో చూడాలి, మడతలో వెలుగు బయటికి పోతుంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే వెలుగు అసలు రావడం లేదని అర్థం. గాజు తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు, అందులోని వెలుగు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. ఇంకో సంగతి, రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే వచ్చేది కాబట్టి తుఫాను రాత్రి ఊరంతా చీకటైనా ఫోను పనిచేసేది. ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటే దిక్కు. తీరపు ఊళ్లలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఆ పెట్టెను ఇన్వర్టరుకు కలపడం వెంటనే చేయవలసిన పని.

లోపం బయట ఉందని తేలినప్పుడు ఫిర్యాదులో ఏమి చెప్పామన్నదాన్ని బట్టి మరమ్మతు ఉంటుంది. ఫోను బాగాలేదని మాత్రమే చెబితే వచ్చిన లైన్‌మన్‌కు ఆ రోజు ఎండ కాస్తుంటే ఏమీ వినిపించదు, లైను బాగానే ఉందని రాసుకుని వెళ్లిపోతాడు, అందులో అతని తప్పేమీ లేదు. తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా ఆగకుండా గరగర వస్తోందని, ఇంటి తీగలన్నీ విప్పి రోసెట్ దగ్గర విన్నా అలాగే ఉందని, గంట ఒక్కసారి మోగి ఆగుతోందని చెబితే అతను నేరుగా డీపీ పెట్టెకో పిల్లర్‌కో వెళతాడు. ల్యాండ్‌లైన్ ఫిర్యాదులకు చిరకాలంగా వాడుకలో ఉన్న నంబరు 198, అక్కడ ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి. కాల్స్ అసలు కలవడం లేదన్న ఫిర్యాదుకు ముందు ఇంకొకటి చూసుకోవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైలుకు చేసేటప్పుడు నంబరుకు ముందు సున్నా నొక్కాలి, అది మరిచిపోయి లైను చెడిందనుకునేవారు ఉన్నారు.

లైన్‌మన్ వచ్చినప్పుడు చేసే పనుల్లో అడిగి చేయించుకోదగ్గది జంట మార్పు. భూమిలోని కేబులులో ఇంటికి ఇచ్చిన జంట పాడైతే, అదే కేబులులో ఖాళీగా ఉన్న మరో జంటకు పిల్లర్ దగ్గరా డీపీ దగ్గరా కలపడమే అది. తవ్వకం అక్కరలేదు, ఖాళీ జంట దొరికితే గంటలో అయ్యే పని. డ్రాప్ వైరులో రెండు మూడు ముడులు కనిపిస్తే వాటిని మళ్లీ చుట్టడం కంటే డీపీ నుంచి రోసెట్ దాకా ముడి లేని ఒకే తీగ వేయించుకోవడం మేలు, ఆ తీగ ఖరీదు స్వయంగా భరించవలసి వచ్చినా సరే. పని ముగిసి అతను వెళ్లకముందే ఒక్క అంకె నొక్కి నిశ్శబ్దాన్ని వినాలి, మర్నాడు తెల్లవారుజామున మరోసారి వినాలి, ఆపైన మొదటి ముసురు పట్టిన రోజున ఇంకోసారి వినాలి. ఆ మూడోసారి కూడా చెవికి ఏమీ వినిపించకపోతేనే అతుకు సరిగ్గా పడినట్టు.